తాళం మీద రాసిన మాట

ఆ సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఫణిశ్రీ తను రాసిన ప్రోగ్రాంని నడిపించింది. నలభై సెకన్లలో నూట నలభై మూడు డ్రాయింగుల మీదున్న లాకులు ఊడిపోయాయి. వెనక నిలబడి చూస్తున్న నలుగురూ చప్పట్లు కొట్టారు. ప్లానింగ్ మేనేజరు యోగేష్ "షాబాష్!" అని సమోసాలు తెప్పించమన్నాడు.

రాయ్‌పూర్ శివారు ఉర్లాలో ఇనుప దూలాలూ ట్యాంకులూ తయారుచేసే ఒక మధ్యతరహా కంపెనీ అది. అక్కడి డ్రాయింగులన్నీ ఒకే సర్వరులో ఉంటాయి. ఆఫీసులో దాన్ని అందరూ భండార్ అంటారు. ఎవరైనా ఒక డ్రాయింగుని దిద్దడానికి తెరిస్తే దాని మీద వాళ్ల పేరున లాక్ పడుతుంది. ఆ లాక్ ఉన్నంతసేపూ మిగతావాళ్లు దాన్ని చూడగలరు గాని మార్చలేరు, ఇనుము కోసి అతికే షెడ్డుకి పంపడానికి ప్రింటు తియ్యలేరు. పని అయ్యాక లాక్ తియ్యాల్సింది వేసినవాళ్లే. తియ్యరు. భోజనానికి లేస్తారు, ఇంటికి పోతారు, పెళ్లికని ఊరెళ్తారు. లాక్ అలాగే ఉండిపోతుంది. అప్పుడు షెడ్డు నుంచి ఫణిశ్రీకి ఫోను వస్తుంది, ఫలానా డ్రాయింగు తాళం తియ్యండి మేడమ్ అని.

భండార్‌ని చూసుకునే ఉద్యోగం ఆమెది. ఇరవై ఏడేళ్లు. పుట్టి పెరిగింది రాయ్‌పూర్‌లోనే, డబ్ల్యూ.ఆర్.ఎస్. కాలనీ రైల్వే క్వార్టర్సులో. తాత పలాస వైపు నుంచి వ్యాగన్ల మరమ్మతు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తండ్రి కూడా అదే పనిలో రిటైరయ్యాడు.

రెండేళ్లుగా ఆ ఫోన్లతో ఆమె ప్రాణం విసిగిపోయింది. రోజుకి ఇరవై, ఒక్కోరోజు ముప్పై. ఏదైనా పని మొదలుపెట్టి అరగంట కుదురుగా కూర్చున్న జ్ఞాపకం లేదు. ఫోను మోగకపోయినా మోగినట్టే అనిపించి తల తిప్పి చూసేది. అందుకే గురువారం యోగేష్ పిలిచి, "ఇరవై నాలుగు గంటలు దాటిన లాకులన్నీ వాటంతటవే ఊడిపోవాలి, రాయగలరా ఫణిశ్రీ జీ?" అని హిందీలో అడిగినప్పుడు, ఆమె పూర్తిగా వినకుండానే "రాస్తాను సార్" అంది.

రాయడం కష్టమేమీ కాలేదు. ఒక్కో లాక్‌లో మూడే సంగతులుంటాయి. ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఏమైనా చెప్పాలనుకుంటే రాసుకోవడానికి చిన్న ఖాళీ. ప్రోగ్రాం ఒక్కో డ్రాయింగు దగ్గరికీ వెళ్లి, లాక్ ఉందా అని చూసి, ఉంటే వేసిన సమయం చూసి, ఒక రోజు దాటితే విరగ్గొట్టి, విరగ్గొట్టిన సంగతి చిట్టాలో ఒక వరుసగా రాసి, తరవాతి దానికి పోతుంది. ఆ ఖాళీలో ఏముందో చదవాలా అని ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. రెండేళ్లలో అందులో ఎవరూ ఏమీ రాసినట్టు ఆమె ఎరగదు. శనివారం మధ్యాహ్నం పది డ్రాయింగుల మీద పరీక్షించినప్పుడు కూడా పదింటిలోనూ ఖాళీయే. వదిలేసింది.

ఊడిన నూట నలభై మూడింటిలో అరవై ఒక్కటి అమ్మిరాజు పేరునే ఉన్నాయి.

అమ్మిరాజు ఆ ఆఫీసులో డ్రాయింగులు సరిచూసే మనిషి. యాభై ఎనిమిదేళ్లు. భీమవరం దగ్గర పల్లెటూరు. కుర్రతనంలో భిలాయి వచ్చి బల్లల మీద పెన్సిలుతో గీతలు గీసి, తరవాత ఇక్కడ చేరాడు. ఆఫీసులో ఫణిశ్రీతో తెలుగు మాట్లాడేది ఆయనొక్కడే. మంచివాడే గాని నెమ్మది. ఒక డ్రాయింగుకి లాక్ వేసి, మధ్యలో ఇంకోటి తెరిచి, దానికీ వేసి, మొదటిదాన్ని మరిచిపోతాడు. అనుమానాలెక్కువ. కిందటేడు ఒక మీటింగులో బోల్టు రంధ్రాల గురించి గట్టిగా అడ్డం తిరిగాడు. తీరా లెక్క చూస్తే డ్రాయింగే సరైనదని తేలింది. "రాజు జీకి కలలో కూడా బోల్టులే కనపడతాయి" అన్నాడు యోగేష్. అందరూ నవ్వారు. ఫణిశ్రీ కూడా నవ్వింది.

ఆ సోమవారం అమ్మిరాజు ఆఫీసుకి రాలేదు. సైటు పనిమీద ఆరంగ్ వెళ్లాడని రిజిస్టరులో ఉంది.

పదకొండింటికి యోగేష్ రిపోర్టు అడిగాడు. ఎవరివి ఎన్ని లాకులు తీశారో పట్టిక కావాలి, పై వాళ్లకి చూపించాలి. ఫణిశ్రీ చిట్టాని తెరిచి వరుసలు సర్దడం మొదలెట్టింది. చిట్టాలో లాక్ తాలూకు సంగతులన్నీ పడ్డాయి, ఆ ఖాళీతో సహా. చాలావరకు ఏమీ లేదు. ఒకచోట 'చెకింగ్' అని ఉంది. ఒకచోట చుక్క. ఆమె ఒక చేత్తో సమోసా తింటూ రెండో చేత్తో కిందికి జరుపుతోంది.

ఎనభై ఏడో వరుసలో వేలు ఆగింది.

ఇంగ్లీషు అక్షరాలతో కొట్టిన తెలుగు అది. 'ఫణీ, ఇది తియ్యకు. చెవుల పలక సరిపోదు. సోమవారం సైటుకెళ్లి కాగితం తెస్తాను. ఎవరడిగినా తియ్యకు.'

వేసినది అమ్మిరాజు. సమయం శనివారం సాయంత్రం అయిదూ నలభై. మధ్యలో ఆదివారం. సోమవారం తొమ్మిదిన్నరకి ఇరవై నాలుగు గంటలు ఎప్పుడో దాటిపోయాయి.

ఫణిశ్రీ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. చేతిలోని సమోసా పక్కన పెట్టింది. లాక్ తియ్యమని ఎవరైనా ఫోను చేసేది తనకే. తియ్యబోయే ముందు తను చూస్తుందనుకుని, తనొక్కతే చదవగలిగేలా, తన పేరు పెట్టి రాశాడాయన.

డ్రాయింగు నంబరు చూసింది. ఆరంగ్ దగ్గర కడుతున్న ఒక చమురు డిపో కోసం చేస్తున్న దూలం. పెద్ద ట్యాంకుల పైకప్పు ముక్కల్ని క్రేనుతో ఎత్తేటప్పుడు ఆ దూలానికి కట్టి ఎత్తుతారు. దూలం రెండు చివర్లా గొలుసు తగిలించడానికి రంధ్రాలున్న దళసరి పలకలుంటాయి. షెడ్డులో వాటిని చెవులంటారు. బరువంతా మోసేది ఆ చెవులే. అవి చిరిగితే పైనున్నది కిందున్నవాళ్ల మీద పడుతుంది. ఆమె ఇంజనీరు కాదు, అయినా అంతవరకు తెలుసు.

వెంటనే భండార్‌లోకి వెళ్లి తన పేరున ఆ డ్రాయింగుకి లాక్ వేసింది. వేస్తుండగానే ప్రింటు గది లెక్క కళ్లబడింది. తొమ్మిదీ యాభై రెండుకి మూడు ప్రతులు తీశారు. షెడ్డుకి పంపేశారు.

అమ్మిరాజుకి ఫోను చేసింది. స్విచ్చాఫ్. మళ్లీ చేసింది. స్విచ్చాఫ్. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లి వెనక్కొచ్చి మళ్లీ చేసింది. అప్పుడు గుర్తొచ్చింది, చమురు డిపో లోపలికి ఫోన్లు పోనివ్వరు, గేటు దగ్గర ఆపేసి ఇచ్చి వెళ్లాలి. ఆయన ఎప్పుడు బయటికొస్తాడో ఎవరికీ తెలియదు.

యోగేష్ గదిలోకి వెళ్లింది. ఆయన ఫోనులో ఉన్నాడు. చేత్తో కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయన మాటలు అయ్యేసరికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాలూ ఆమె చున్నీ అంచుని వేలికి చుట్టి విప్పుతూనే ఉంది.

"సార్, ఆ ఎత్తే దూలం పని ఆపాలి. డ్రాయింగులో చెవుల పలక తప్పట."

"ఎవరన్నారు?"

"అమ్మిరాజు గారు. లాక్‌లో రాశారు. నేను చదవకుండా తీసేశాను."

యోగేష్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏం రాశారు? ఎంత మందం ఉండాలట?"

"అది రాయలేదు. సైటు నుంచి కాగితం తెస్తానని రాశారు."

"చూడండి మేడమ్, అది అప్రూవ్ అయిన డ్రాయింగు. ముగ్గురి సంతకాలున్నాయి. అందులో ఒకటి రాజు జీదే. శనివారం సాయంత్రం ఆరింటి దాకా నేనిక్కడే ఉన్నాను. నాతో ఒక్క మాట అన్నాడా? ఆయన అనుమానానికల్లా షెడ్డు ఆపితే మనం దుకాణం మూసుకోవాల్సిందే. బుధవారం సరుకు వెళ్లాలి."

"ఒక్క రెండు గంటలు ఆపండి సార్. ఆయన ఫోను కలిసేదాకా."

"కలిస్తే నాకివ్వండి. ఆయన నోటితో చెబితే అప్పుడు చూద్దాం." తరవాత కొంచెం మెత్తగా అన్నాడు. "లాక్ తియ్యమన్నది నేను. మీ తప్పేమీ లేదు. కంగారు పడకండి. వెళ్లి రిపోర్టు పంపండి."

ఆమె తన బల్ల దగ్గరికొచ్చింది. తప్పు లేదన్న మాట ఆమెకి ఊరటనివ్వలేదు, ఇంకా చిరాకు పుట్టించింది. రిపోర్టు తెరిచింది. ఒక వరుస సర్దింది. మళ్లీ ఫోను చేసింది. స్విచ్చాఫ్. టైము పదకొండూ ఇరవై అయిదు. పలకలు కొయ్యడానికి ఎంతసేపు పడుతుంది? వెల్డింగుకి ఎంత? ఆమెకి తెలియదు. కాళ్లు బల్ల కింద వాటంతటవే ఆడుతున్నాయి. పక్క సీటులోని అమ్మాయి, "ఏమైంది దీదీ, బల్ల కదులుతోంది" అంది.

ఫణిశ్రీ లేచి, చెప్పకుండానే బయటికి నడిచింది.

షెడ్డు రోడ్డుకి అవతల అర కిలోమీటరు. పొద్దున వాన పడి వెలిసింది. రోడ్డంతా బొగ్గు మసి కలిసిన నల్లబురద. లారీలు బురద చిమ్ముకుంటూ పోతున్నాయి. రెండేళ్లలో ఆమె షెడ్డు లోపలికి నాలుగైదుసార్లకి మించి రాలేదు. అక్కడి చప్పుడుకి ఆమెకి తల దిమ్మెక్కుతుంది. ఈసారి ఆ చప్పుడు వింటుంటే ప్రతి దెబ్బా ఆ చెవుల మీదే పడుతున్నట్టు అనిపించింది. దాదాపు పరుగెత్తింది.

గ్యాసు మంటతో పలకలు కోసే చోట పరదేశి ఉన్నాడు. శ్రీకాకుళం మనిషి, బీర్‌గావ్‌లో కాపురం, ఈ పనిలో ముప్పై ఏళ్ల అనుభవం. ఆమె తండ్రిని ఎరుగును. నల్లద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు.

"ఏటి పాపా, నువ్వు ఇటొచ్చినావేటి? ఆ మంట కేసి సూడకు, కళ్లు పోతాయి."

"మామా, ఎత్తే దూలానికి చెవులు... కోసేశారా?"

"నాలుగు కావాల. మూడు కోసినాను. ఒకటి అతికేత్తన్నారు, అదిగో."

ఆమె చూసింది. షెడ్డు మధ్యలో లారీ పొడుగున దూలం పడుకుని ఉంది. ఒక చివర వెల్డరు వంగి ఉన్నాడు, నీలం మెరుపులు చిమ్ముతున్నాయి.

"అది తప్పంట మామా. పలక సరిపోదంట. పని ఆపాల."

పరదేశి మంట ఆర్పాడు. "ఎవులన్నారు?"

ఆమె ఉన్నదంతా చెప్పింది. లాక్ సంగతి అతనికి ఎంత అర్థమైందో గాని, అమ్మిరాజు రాసిన మాట దగ్గర తలూపాడు.

"నానూ అనుకున్నాను పాపా. దూలం సూత్తే ఏనుగులాగున్నాది, సెవులు సూత్తే మేకపిల్లవి. ఇరవై మిల్లీమీటర్లేటి అనుకున్నాను. కానీ కాయితంలో అదే ఉన్నాది. మనకి కాయితమే కదా దేవుడు."

"అయితే ఆపెయ్యండి."

"నానాపితే ఎలాగమ్మా? యోగేష్ సారు రాసిచ్చిన పర్చీ కావాల. సంతకం లేకుండా ఆపినానంటే రేపు నన్ను గేటు బయటే ఆపేత్తారు."

అతను గెడ్డం గోక్కున్నాడు. నాలుగో పలక కేసి చూశాడు, గ్యాసు బండ కేసి చూశాడు. తరవాత వంగి బండ మీద వేళ్లతో కొట్టాడు.

"గేసయిపోయినట్టున్నాది" అన్నాడు. బండలో గ్యాసు నిండా ఉందని ఇద్దరికీ తెలుసు. "మార్చాలంటే ఓ అరగంట. అరగంట నా సేతిలో ఉన్నాది. ఆ వెల్డరు నా మాట ఇనడు. ఆడికి నువ్వే సెప్పుకో."

వెల్డరు ఛత్తీస్‌గఢీ మాట్లాడే నడివయసు మనిషి. ఆమె చెప్పింది విని, "డ్రాయింగులో ఉన్నది నేను చేస్తున్నాను నోనీ. డ్రాయింగు మారిస్తే నేనూ మారతాను" అన్నాడు. నోనీ, అంటే అమ్మాయీ, అని పిలిచిన ఆ గొంతులో దురుసేమీ లేదు. స్టాండుకి గుచ్చి ఉన్న డ్రాయింగు కాగితం గాలికి కొట్టుకుంటోంది.

ఫణిశ్రీ ఆ కాగితాన్ని చూస్తూ నిలబడింది. ముగ్గురి సంతకాలు, ఎర్రముద్ర. షెడ్డుకొచ్చిన డ్రాయింగు మీద సరిచూసే వాళ్లు తప్ప ఇంకెవరూ గీత కూడా గీయకూడదు. ఆ నియమాన్ని సర్క్యులరుగా కొట్టి అందరికీ పంపింది తనే. ఆమె పరదేశి జేబులోంచి పలక మీద గుర్తులు పెట్టే మార్కరు అడిగి తీసుకుంది. చెవుల బొమ్మ మీదుగా పెద్ద అడ్డగీత కొట్టి, హిందీలో 'ఆపండి, పలక మందం తేలేదాకా వెల్డింగు చెయ్యరాదు' అని రాసి, కింద తన పేరు, తేదీ, టైము వేసి సంతకం పెట్టింది.

"ఇప్పుడు డ్రాయింగులో ఉంది" అంది.

వెల్డరు చదివాడు. పరదేశి కేసి చూశాడు. కాసేపటికి హోల్డరు కింద పెట్టి, చేతి తొడుగులు విప్పి, టీ తాగడానికి పోయాడు.

మిగతా రెండు ప్రతులు ఇన్‌స్పెక్షను బల్ల మీదొకటి, స్టోర్సులో ఒకటి ఉన్నాయని పరదేశి చెప్పాడు. రెండింటి మీదా అలాగే రాసింది. ఆ పని అయ్యేసరికి యోగేష్ మోటారుసైకిలు మీద వచ్చేశాడు. ఎవరో ఫోను చేసి ఉంటారు. ఆయన స్టాండు మీది కాగితం దగ్గరికి లాక్కుని చదివాడు.

"మీరెవరు దీని మీద రాయడానికి?"

"నాకు హక్కు లేదు సార్. అందుకే పేరు రాశాను."

"మాటలు నేర్చారు! మీ పని కంప్యూటరు. నా షెడ్డులో దూరి నా మనుషుల్ని నిలబెట్టేస్తారా? ఒక ముసలాయన రాసిన ఒక్క లైను..."

"ఆ ఒక్క లైను చదవకుండా తీసేసింది నేను. దానివల్ల ఏదైనా అయితే..." ఆమె మార్కరు మూత బిగించింది. "మీరు రాసిమ్మంటే రాసిస్తాను. సాయంత్రం దాకా ఆపండి. తప్పయితే నన్ను తీసెయ్యండి."

చుట్టూ పదిమంది చేరారు. యోగేష్ వాళ్లని కసిరాడు. పని మొదలుపెట్టమని మాత్రం అనలేదు. ఆమె అది గమనించింది. ఆయన దూలం చివరి దాకా నడిచి వెళ్లి, అతికిన చెవిని బూటుతో మెల్లగా తట్టి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నిలబడ్డాడు.

ఒంటిగంటన్నరకి ఆమె ఫోను మోగింది. అమ్మిరాజు.

"ఏవమ్మా ఫణీ, ఇరవై రెండుసార్లు చేశావని మెసేజీలొచ్చాయి. ఇంట్లో అంతా బానే ఉన్నారా?"

"బాబాయ్ గారూ, ఆ దూలం..."

"ఆఁ, నేను అనుకున్నదే అయిందమ్మా. పైకప్పు నాలుగు ముక్కలుగా ఎత్తుతామని కదా మనకి చెప్పింది, ముక్కకి పది టన్నులు. వీళ్లు మనసు మార్చుకుని రెండే ముక్కలు చేశారు. ఇరవై టన్నులు. మనకి చెప్పలేదు. శనివారం సాయంత్రం ఇంకేదో అడగడానికి ఫోను చేసిన కుర్ర ఇంజనీరు మాటల్లో అనేశాడు. కాగితం మీద పెట్టించాను, సంతకం అయింది. దూలం తట్టుకుంటుంది గాని చెవులు నలభై మిల్లీమీటర్లు ఉండాలి. నా లాక్ చూశావు కదా? మెసేజీ చదివావా?"

"చదివానండి. తీసేశాక చదివాను."

అవతల నుంచి లారీ హారన్లు వినిపించాయి.

"షెడ్డుకి వెళ్లిపోయిందండి. ఒక చెవి అతికేశారు. ఆపించాను. యోగేష్ సారు ఇక్కడే ఉన్నారు."

"ఇవ్వు ఆయనకి."

యోగేష్ ఫోను తీసుకుని పక్కకి నడిచాడు. ఆయన "అచ్ఛా... అచ్ఛా..." అంటూ ఎన్ని టన్నులని అడగడం వినిపించింది. మూడోసారి అచ్ఛా అనేటప్పటికి గొంతు మారింది. ఫోను తిరిగిచ్చేటప్పుడు ఆమె ముఖం కేసి చూడలేదు. మనుషుల్ని పిలిచి, "ఆ చెవి కోసెయ్యండి. నలభై పలక ఉందేమో స్టోర్సులో చూడండి" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి అమ్మిరాజు ఆఫీసుకొచ్చాడు. ఆరంగ్ నుంచి బస్సులో నిలబడి వచ్చినట్టున్నాడు, చొక్కా చెమటకి తడిసిపోయింది. సంచీ బల్ల మీద పెట్టి ఫణిశ్రీ ఎదురుగా కూర్చున్నాడు. ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"నీ పేరు పెట్టి రాశాను కదమ్మా" అన్నాడు.

"అవునండి."

"వేరేవాళ్లకి రాయలేదు. నీకు రాశాను."

ప్రోగ్రాం ఎలా నడిచిందో చెప్పబోయి ఆగిపోయింది. ఏం చెప్పినా తప్పించుకుంటున్నట్టే ఉంటుందనిపించింది. "మీరు లాక్ వేసినప్పుడు నాకొక ఫోను చేసి ఉంటే..." అనేసి, వెంటనే నాలిక్కరుచుకుంది.

ఆయన కోపం తెచ్చుకోలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"చెయ్యాల్సిందే. యోగేష్‌కి కూడా చెప్పాల్సిందే. శనివారం ఆయన గది గుమ్మం దాకా వెళ్లాను తెలుసా? లోపల ఇద్దరు ముగ్గురున్నారు. మళ్లీ బోల్టులంటాడేమో, అందరూ నవ్వుతారేమో అనిపించింది. కాగితం చేతిలో పట్టుకుని మాట్లాడదామనుకున్నాను. తాళం వేశాను కదా, సోమవారం దాకా ఎవరు తీస్తారులే అని ఇంటికి పోయాను." ఆయన గొంతు తగ్గింది. "అరవై లాకులు బద్ధకంతో వదిలేసినవాణ్ణి నేను. అందులో ఒక్కటి అసలు పనికోసం వేశానంటే ఎవరికి తెలుస్తుంది?"

"నేను కిందటేడు నవ్వానండి" అంది ఫణిశ్రీ. "ఆ మీటింగులో."

"చూశాను."

ఆయన టీ తెమ్మని చెప్పి, తాగబోతూ ఏదో తట్టినట్టు ఆగాడు. "మిగతావి చదివావా?"

ఎనభై ఏడో వరుస దగ్గర లేచిపోయింది తను. కింద ఇంకా యాభై ఆరు ఉన్నాయి. పొద్దున్నుంచి అవి గుర్తేలేవు. చిట్టా తెరిచింది. ఆయన కుర్చీ పక్కకి జరుపుకున్నాడు. ఒక్కో వరుసా చదువుతూ, ఎవరి లాకో వాళ్లని పిలిచి అడుగుతూ, ప్రింటు తీశారో లేదో చూసుకుంటూ వెళ్లారు. నూట పన్నెండు దగ్గర ఒకరు 'కొలత అడగాలి' అని రాసుకున్నారు. అది మెట్ల చేతికమ్మీ కొలత, ఇంకా ప్రింటుకి పోలేదు. మళ్లీ లాక్ వేయించారు. మిగతావి ఖాళీలు. చివరి వరుస చూసేసరికి ఆఫీసు దాదాపు ఖాళీ అయిపోయింది.

ఇంటికెళ్లాక తల్లి వరహాలమ్మ క్యారేజీ తెరిచి చూసి, "ఏటే, అన్నం అలాగే తెచ్చీసినావు? ఒంట్లో బాగోలేదా?" అంది.

"బాగానే ఉందమ్మా."

"మరి ఆ కాలేటి అలా ఊపుతావు? కుదురుగా కూకో."

ఫణిశ్రీ కాలు ఆపింది. తనకి తెలియకుండానే మళ్లీ ఊపడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆమెకి మెమో వచ్చింది. అధికారం లేకుండా డ్రాయింగుల మీద రాసినందుకు వివరణ ఇవ్వాలి. రాసిచ్చింది, జరిగిందంతా, లాక్‌లోని మాట చదవకపోవడం తన పొరపాటేనని కూడా. యోగేష్ దాన్ని చదివి, కింద తన చేత్తో ఒక వాక్యం కలిపాడు, చదవకుండా తియ్యమని ఆదేశించింది తనేనని. ఆ సంగతి ఆమెకి ఆయన చెప్పలేదు. ఫైలు తిరిగొచ్చినప్పుడు చూసింది.

ఆ వారం ఆమె ప్రోగ్రాంని తిరగరాసింది. ఇప్పుడది దేన్నీ తనంతట తాను విరగ్గొట్టదు. ఎంతకాలంగా లాక్ ఉందో వేసినవాళ్లకి కబురు పంపుతుంది, జవాబు రాకపోతే పేర్ల పట్టిక తీసి ఆమె ముందు పెడుతుంది. ఆ లెక్కలో సెలవు రోజుల్ని కలపదు. కారణం రాయకుండా లాక్ వెయ్యడానికి వీలు లేదు. దీనివల్ల ఫోన్లు తగ్గలేదు, కొంచెం పెరిగాయి. "ఇంత చిన్న పనికి కారణమేంటి మేడమ్?" అని దెబ్బలాడేవాళ్లు. ఆమె విసుక్కుంటూనే జవాబు చెప్పేది.

దూలం బుధవారం వెళ్లలేదు. కొత్త చెవులతో తయారై శుక్రవారం పరీక్షకొచ్చింది. షెడ్డు వెనక ఆరుబయట క్రేను దాన్ని పట్టుకుంది. కింద ఇనుప దిమ్మెలు కట్టారు, ఇరవై అయిదు టన్నులు. పది నిమిషాలు గాల్లో ఉంచాలి. పిలవకపోయినా ఫణిశ్రీ వచ్చి హద్దుగా కట్టిన తాడుకి ఇవతల నిలబడింది.

గొలుసులు బిగిశాయి. దిమ్మెలు నేల నుంచి జానెడు లేచాయి. ఎక్కడో కిర్రుమంది, ఆమె ఒక్కసారి ఉలిక్కిపడింది. "గొలుసు సర్దుకున్నాది పాపా, ఏటీ కాదు" అన్నాడు పక్కనే ఉన్న పరదేశి. ఆమె నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు నడిచింది. వాచీ చూసుకుంది. రెండు నిమిషాలే అయింది. "ఆ ఇరవై పలకతోటే అయ్యుంటే?" అని అడిగింది.

పరదేశి ఆలోచించాడు. "ఒకోసారి ఆగుతాది. ఒకోసారి ఆగదు. ఆ డిపోలో కిందుండీవోళ్లలో మా బావమరిదొకడు" అన్నాడు.

ఆమె నడవడం మానేసి చెవుల కేసే చూస్తూ నిలబడింది.

పది నిమిషాలయ్యాక దించారు. అమ్మిరాజు వంగి, భూతద్దం పట్టుకుని, నాలుగు చెవుల చుట్టూ వెల్డింగు అంచుల్ని ఒక్కొక్కటే చూశాడు. చాలాసేపు పట్టింది. యోగేష్ కాగితం పట్టుకుని ఆయన వెనకే నడిచాడు, తొందర పెట్టలేదు. చివరికి ఆయన నిలబడి నడుం సవరించుకుని, "బాగుంది" అని సంతకం చేశాడు.

ఫణిశ్రీకి అప్పుడు తెలిసింది తన పాదాలు ఎంత నొప్పిగా ఉన్నాయో. పక్కనున్న చెక్కపెట్టె మీద కూర్చుంది. బాగా ఆకలేసింది.